జలపతి పగటి నిద్ర

సిరిసిల్లలో ఊరంతా పళ్లు తోముకునే వేళకు జలపతి పడకకు సిద్ధమయ్యేవాడు. ముప్పై ఏళ్లుగా ఆయనది రాత్రి డ్యూటీ. పొద్దుగూకాక ఏడింటికి సాంచాల షెడ్డులోకి పోతే మళ్లీ పొద్దున ఏడింటికే బయటపడేది. సాంచా అంటే మరమగ్గం. ఎనిమిది సాంచాల మధ్య పన్నెండు గంటలు అటూ ఇటూ తిరిగి, తెగిన పోగు దగ్గర వంగి అతికి, అయిపోయిన కండె మార్చి, ఆ చప్పుడు చెవుల్లో నింపుకుని ఇంటికొచ్చేవాడు. ఇంట్లోనూ అదే చప్పుడు, ఎందుకంటే వాడంతా సాంచాలే. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ మోతకు కన్ను మూయలేక రెండోరోజుకే మూట సర్దుకుంటారు. జలపతికి మాత్రం ఆ మోత ఆగితేనే మెలకువ వచ్చేది. కరెంటు పోయిందంటే చాలు, గురకపెట్టే మనిషి లేచి కూచుని ఏమైందని అడిగేవాడు.

పగటి నిద్ర మనిషిని పూర్తిగా ముంచదు. కలలు పైపైనే తేలుతుంటాయి. వాకిట్లో భార్య శాంత కూరగాయలామెతో ఆడే బేరం కలలోకి వచ్చి ఇంకెవరి నోటనో పలికేది. కిటికీలోంచి ఎండ కనురెప్పల మీద పడితే, కలలో ఎర్రరంగు వేసిన నూలు తీగెల మీద ఆరుతుండేది. ఆ నూలు కింద నుంచి నాలుగేళ్ల పిల్ల ఒకతి నవ్వుతూ పరుగెత్తేది. తడి పోగుల మధ్య ఆమె కాళ్లు కనిపించేవి, మొఖం కనిపించేది కాదు. ఆ పిల్ల ఎవరో జలపతికి తెలుసు. పెళ్లయి ఇన్నేళ్లయినా శాంతకు చెప్పలేదు.

డ్యూటీ దిగినవాళ్లకు ఆ వాడలో ఒక పద్ధతి ఉంది. రాత్రంతా ముక్కులోకీ నోట్లోకీ పోయిన నూలు దుమ్ము గొంతులో పేరుకుంటుందనీ, దాన్ని ఎప్పటికప్పుడు కడిగెయ్యాలనీ అందరి నమ్మకం. కడగడానికి ఒక బెల్లం ముక్క, దాని మీద ఒక ముంత పొద్దుటి కల్లు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఈ వైద్యాన్ని ప్రశ్నించిన మగవాడు ఆ వాడలో ఇంతవరకు పుట్టలేదు. జలపతి కల్లు తాగి, రెండు బీడీలు కాల్చి, ఇంటికొచ్చి కంచం నిండా అన్నం పెట్టించుకునేవాడు. పచ్చిపులుసు, మామిడి తొక్కు, ఉంటే కాస్త మాంసం కూర. తిన్న చెయ్యి ఆరకముందే మంచంలో ఒరిగేవాడు. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు అంతకన్నా ఆగనిచ్చేవి కావు.

ఆ నిద్రలోకి ఏడాది కిందట దగ్గు వచ్చి చేరింది. పడుకున్న గంటకో గంటన్నరకో గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయ్యి, దిగ్గున లేచి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గేవాడు. కళ్లె పెద్దగా పడేది కాదు. నోరంతా పులుపు. ఆ నేరం తొక్కు మీదికి నెట్టేవాడు. నిద్ర లేచాక గొంతు బొంగురు పోయేది, లోపల వెంట్రుక ఇరుక్కున్నట్టు రోజంతా గొరగొరలాడేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. సాంచాల మీద పనిచేసేవాడు దగ్గకపోతేనే వింత. తోటి పనివాళ్లు ఇంకో ముంత ఎక్కువ తాగమన్నారు. జలపతి బుద్ధిగా తాగాడు, బెల్లం కూడా పెంచాడు. దగ్గు ఇంకా పెరిగింది.

మూడు నెలలు దాటాక జలపతి లోలోపల ఒక నిర్ణయానికి వచ్చేశాడు. ఏ డాక్టరునూ అడగలేదు, ఏ పరీక్షా చేయించుకోలేదు. తన జబ్బుకు తానే పేరు పెట్టుకున్నాడు.

ఆ పేరు ఆయనకు ఎక్కడ దొరికిందో చెప్పాలంటే పెగడపల్లికి పోవాలి. జలపతి పుట్టింది అక్కడే. తండ్రి రాజం గుంటమగ్గం నేసేవాడు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూచుంటే పొద్దంతా అక్కడే ఉండేవాడు. జలపతి తర్వాత పుట్టిన ఆడపిల్ల పోశవ్వ, ఇంట్లో అందరికీ పోశి, ఎప్పుడు చూసినా తండ్రి ఒళ్లోనే ఉండేది. రాజం రెండు వానాకాలాలు దగ్గాడు, మూడోది చూడలేదు. టీబీ అన్నారు. ఆ మరుసటి ఎండాకాలం పోశి దగ్గడం మొదలుపెట్టింది. దసరా నాటికి ఆ నాలుగేళ్ల పిల్ల కూడా లేదు. వాళ్లమ్మ ఏడ్చి ఏడ్చి చివరికి ఒక మాట అంది, అయ్య ఒళ్లో ఆడినందుకే పిల్ల పోయిందని. తొమ్మిదేళ్ల జలపతి తలుపు చాటున నిలబడి విన్నాడు. ఆ తర్వాత మేనమామ వెంట బొంబాయి దగ్గరి భివండి పోయి సాంచా నేర్చుకున్నాడు, సిరిసిల్లకు వచ్చి స్థిరపడ్డాడు, శాంతను చేసుకున్నాడు, ఒక్కగానొక్క బిడ్డ రమను పెంచి కోరుట్లకు ఇచ్చాడు. ఇన్ని చేసినా తలుపు చాటున విన్న ఆ మాట ఆయనలో అలాగే ఉండిపోయింది.

టీబీకి ఇప్పుడు మంచి మందులున్నాయని, క్రమంగా వాడితే నయమవుతుందని బస్టాండు గోడ మీద రాసి ఉంటుంది. జలపతి వందసార్లు చదివాడు. చదివిన సంగతి తలలో ఉండిపోయింది, భయం మాత్రం తొమ్మిదేళ్ల పిల్లవాడి దగ్గరే ఉండిపోయింది. పరీక్ష చేయించుకుంటే ఆ పేరు నిజమైపోతుందన్నట్టు దవాఖాన వైపు తొంగిచూడలేదు. బదులుగా తన గ్లాసు వేరు చేసుకున్నాడు, కంచం వేరు చేసుకున్నాడు, మంచం తెచ్చి ముందు అర్రలో వేసుకున్నాడు. శాంత అడిగితే నూలు దుమ్మని దబాయించాడు. మొగుడికి ఈ వయసులో దొరతనం పట్టుకుందని ఆమె రెండు రోజులు ఎగతాళి చేసి, మూడోరోజు నుంచి ఎగతాళి మానేసి మూతి ముడుచుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రమ నీళ్లోసుకుంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది అందరికీ తెలిసిన సంగతే గనుక ఏడో నెలలో శాంత లోపలి అర్ర కడిగించి, పాత చీరలు ఉతికి మడతపెట్టింది. జలపతి ఒక్క మాటతో అంతా ఆపేశాడు. కాన్పు కోరుట్లలోనే కానివ్వండి, ఇక్కడి మోతకు పసిపిల్ల బెదురుతుందన్నాడు. ఈ మోతలోనే పుట్టి, ఈ మోతలోనే పెరిగిన రమ ఆ మాట విని మధ్యలోనే ఫోన్ పెట్టేసింది. అత్త గంగవ్వ మంచిది గనుక తానే చేస్తానంది. కోరుట్లలో ఆడపిల్ల పుట్టింది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల చేశారు. అల్లుడు ప్రేమ్‌సాగర్‌కు ఇంటి పక్కనే మోటార్లకు రాగి తీగె చుట్టే షాపు ఉంది, ఆ షాపు ముందే టెంటు వేయించాడు. పిల్లకు అఖిల అని పేరు పెట్టారు. జలపతి తన చేత్తో నేసిన మెత్తటి నూలుబట్ట మూడుసార్లు ఉడకబెట్టి ఆరేసి, మడతపెట్టి తెచ్చాడు. దాన్ని శాంత చేతికిచ్చి తాను మాత్రం టెంటు చివర, రోడ్డు పక్కన, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నారు, రాలేదు. కుర్చీ వేశారు, కూచోలేదు. పాటలు పాడే ఆడవాళ్లలో ఒకామె, మనుమరాలు పుట్టిందని తాతకు మొఖం లేదంది. అంది మెల్లగానే, కానీ రమకు వినిపించింది.

రమ పిల్లను ఎత్తుకుని టెంటు చివరిదాకా నడిచింది. ఇంకా బాలింత నడకే. తండ్రి ముందు నిలబడి పిల్లను చాచింది.

"ఒక్కసారి చేతులకు తీస్కో బాపు."

జలపతి రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు కాలవలో పడబోయి నిలదొక్కుకున్నాడు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. రమ పిల్లను గుండెకు అదుముకుని వెనక్కి తిరిగిపోయింది, మళ్లీ తండ్రి వైపు చూడలేదు.

తిరుగు బస్సు కథలాపూర్, రుద్రంగి దాటి వేములవాడ వైపు పోతుంటే శాంత కిటికీ వైపు మొఖం తిప్పుకుని కూచుంది. జలపతికి కునుకు పట్టింది. కునుకులో ఎర్ర నూలు ఆరుతోంది, కింద పిల్ల పరుగెత్తుతోంది, ఈసారి ఆ పిల్ల ఆగి నూలు చాటు నుంచే చేతులు చాచింది. దగ్గుతో మెలకువ వచ్చింది. ముందు సీట్లో, తలనీలాలు ఇవ్వడానికి తీసుకుపోతున్న పిల్లవాణ్ని తల్లి అవతలి పక్కకు మార్చుకుంది. ఆ తల్లి చేసింది మంచిపనే అనుకున్నాడు జలపతి. అలా అనుకున్నందుకు తన మీద తనకే జాలి కలిగింది. ఆ జాలే ఆయన్ను కదిలించింది, భయం కాదు.

సిరిసిల్లలో పరీక్ష చేయించుకుంటే సాయంత్రానికి వాడంతా తెలుస్తుంది, మర్నాటికి కోరుట్ల చేరుతుంది. అందుకని జగిత్యాల ఎంచుకున్నాడు. అక్కడ తనను ఎరిగినవాళ్లు లేరు. వేములవాడ రాజన్న దర్శనానికి పోతున్నానని ఇంట్లో చెప్పి బస్సెక్కేవాడు. ఒకే నెలలో మూడుసార్లు మొగుడికి అంత భక్తి పుట్టడం శాంతకు వింతగానే తోచింది. మూడుసార్లూ ప్రసాదం లేకుండా వచ్చే భక్తుణ్ని ఆమె ఎక్కడా చూడలేదు.

జగిత్యాలలో టవర్ సర్కిల్ దాటిన సందులో డాక్టర్ సుజాత కూచుంటుంది. రెండు వారాలు మించిన దగ్గయితే ముందు కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవాలి కదా, ఏడాది ఏం చేశావని ఆమె మొదట గట్టిగా కోప్పడింది. రెండూ చేయించింది. రెండింటిలోనూ ఏమీ లేదు. బరువు తగ్గావా, ముద్ద మింగేటప్పుడు అడ్డం పడుతుందా, వాంతిలో రక్తం గానీ, నల్లటి విరేచనం గానీ ఉందా అని అడిగింది. అవేవీ లేవన్నాడు. అయినా వయసును, ఏడాది దగ్గును చూసి, గొంతులోంచి సన్నటి గొట్టం దింపే పరీక్ష కూడా చేయించి కాగితాలు ముందు పెట్టుకుంది.

"కాకా, నీ ఊపిరితిత్తులు మంచిగనే ఉన్నయ్. నీ దగ్గు కడుపులకెళ్లి వస్తుంది."

జలపతి ఆమె మొఖం చూశాడు. డాక్టరమ్మ తనను పిల్లవాడి కింద జమకట్టి బుజ్జగిస్తోందనుకున్నాడు. ఆమె ఓపికగా విడమరచింది. కడుపు పైన ఒక మూతి ఉంటుంది, తాడు బిగించిన సంచి మూతి లాంటిది. తిన్నది లోపలికి పోనిచ్చి మళ్లీ బిగుసుకోవాలి. ఆ తాడు వదులైతే కడుపులోని పులుసు పైకి ఎగదన్నుతుంది. కొందరికి ఛాతీలో మంట పుడుతుంది, కొందరికి మంట పెద్దగా తెలియదు, పులుసు గొంతుదాకా వచ్చి దగ్గు, బొంగురు, గొరగొర మాత్రమే మిగులుతాయి. నిండా తిని పడుకుంటే సంచిని అడ్డంగా పెట్టినట్టే. కల్లు, బీడీ, కడక్ చాయ్, అతి కారం ఆ మూతిని ఇంకా వదులు చేస్తాయి, లేదా ఒరుసుకున్న చోటును ఇంకా మండిస్తాయి. ఒకరికి పడనిది ఇంకొకరికి పడవచ్చు, ఏది తిన్నరోజు దగ్గు ఎక్కువైందో నువ్వే చూసుకోవాలంది.

అన్నీ కాగితం మీద రాసిచ్చింది. పొద్దున పరగడుపున ఒక గోలీ, అరగంట తర్వాత తిండి. రాత్రి భోజనం ఏడింటికే, అది కూడా కొద్దిగా. తిన్నాక మూడు గంటలదాకా పడుకోవద్దు. కల్లు, బీడీ బంద్. మంచానికి తలాపు వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. లేచి వస్తుంటే ఆగమని, ఇది ఎవరికీ అంటుకునేది కాదని, మనుమరాలిని నిక్షేపంగా ఎత్తుకోవచ్చని చెప్పింది. మనుమరాలి మాట ఆయనే ఎప్పుడో నోరు జారి ఉంటాడు.

జలపతి ఆ కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. సాయంత్రం ఏడింటిలోపు కాస్త తిని డ్యూటీకి పోయాడు. పన్నెండు గంటలు నడుం వాల్చలేదు. పొద్దున షెడ్డు నుంచి రాగానే గోలీ వేసుకున్నాడు, అరగంట ఆగాడు, కంచం నిండా పొద్దుటి తిండి తిన్నాడు, పడుకున్నాడు. కల్లు రాత్రిపూట ముట్టనే లేదు. పొద్దున తాగే ముంత దుమ్ముకు మందు గనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఇటుకలు పెడితే శాంత కారణం అడుగుతుందని ఇటుకలు మానేశాడు. నెల గడిచింది. దగ్గు వెంట్రుకవాసి తగ్గలేదు. డాక్టరమ్మ రాసిందంతా చేశాను, అయినా తగ్గలేదంటే ఇది కడుపు జబ్బు కాదు, నాయిన జబ్బే, నన్ను చూసి జాలిపడి అబద్ధం చెప్పింది అని తేల్చుకున్నాడు. కాగితాల మీద లేదని రాసి ఉన్నదాన్ని పట్టుపట్టి ఉందనుకునే మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు.

ఒక మధ్యాహ్నం దగ్గి దగ్గి లేచి గోడకు ఆనుకుని కూచున్నప్పుడు శాంత నీళ్లు తెచ్చింది. ఆయన తన గ్లాసు కోసం వెతుకుతుంటే ఆమె తన గ్లాసే చేతిలో పెట్టింది. ఆయన తీసుకోలేదు.

"నాకు మా నాయిన జబ్బే అచ్చిందే శాంతా."

అప్పుడు అంతా చెప్పాడు. పోశి సంగతి, తలుపు చాటున విన్న మాట, తొట్టెల రోజు కాలు వెనక్కి పడిన సంగతి, జగిత్యాల సంగతి. శాంత నేల మీద కూచుని విన్నది. పోశి పేరు వచ్చినప్పుడు కొంగుతో కళ్లు తుడుచుకుంది. జగిత్యాల పేరు వచ్చినప్పుడు కన్నెర్ర చేసింది. తర్వాత ఆ కాగితం తెమ్మని, చదవమంది. ఆయన చదివాడు. రాత్రి ఏడింటికే తినాలనే దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది.

"రాత్రి నువ్వెప్పుడు పండినవయ్యా? ముప్పై ఏండ్ల సంది నీకు పండుకునే యాళ్ల పగలే గదా. గా సంగతి ఆమెకు చెప్పినవా?"

చెప్పలేదు. ఏం పని చేస్తావని డాక్టరమ్మ అడిగితే సాంచాల పని అన్నాడు. ఏ వేళప్పుడని ఆమె అడగలేదు, ఆయన చెప్పాలనుకోలేదు. సిరిసిల్ల వాడలో సగంమంది మగవాళ్లు పగలు నిద్రపోతారు. అది కూడా ఒకరికి చెప్పాల్సిన సంగతేనా అని ఆయనకు తోచనే లేదు.

మర్నాడు ఇద్దరూ కలిసి జగిత్యాల పోయారు. డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత తానూ అడగలేదని ఒప్పుకుని, పాత కాగితం చించేసి ఆయన రోజును ఆయన తీరుగా రాసింది. సాయంత్రం నిద్ర లేచాక పరగడుపున గోలీ, అరగంటకు పెద్ద తిండి, తర్వాత నిలబడి చేసే పని ఎలాగూ ఉంది. షెడ్డులో ఒకటి రెండుసార్లు కొద్దికొద్దిగా తినాలి. పొద్దున ఇంటికొచ్చాక చాలా తక్కువ, అది కూడా కారం లేనిది, పడుకునేది పది దాటాకే, ఎడమ పక్కకు తిరిగి. పొద్దుటి కల్లు కూడా కల్లే. పని చేసేటప్పుడు మొలతాడు మీద పంచె బిగించి కట్టొద్దు, కడుపు నొక్కుకునేలా సాంచా మీదికి వంగొద్దు. గొంతు దగ్గు తగ్గడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు, వారంలో తగ్గలేదని విడిచిపెట్టొద్దంది. ఎప్పుడైనా ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చి చెమటలు పడితే గ్యాసని కూచోకుండా వెంటనే దవాఖానకు రావాలని కూడా గట్టిగా చెప్పింది. శాంత ఒక్కొక్కటే తలూపుతూ విన్నది. ఇక తప్పించుకునే దారి లేదని జలపతికి అర్థమైంది.

తలాపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు వచ్చాయి. మంచం మీద పడుకుంటే జారిపోతున్నట్టుందని మొదటి వారమంతా సణిగాడు. బీడీ మానడం అన్నిటికన్నా కష్టమైంది, రెండుసార్లు తప్పాడు, శాంతకు వాసనతోనే దొరికిపోయాడు. అన్నిటికన్నా విచిత్రమైంది మాత్రం పొద్దున ఏడు నుంచి పది దాకా మేలుకొని ఉండడం.

ముప్పై ఏళ్లుగా జలపతి సిరిసిల్ల పొద్దును చూడలేదు. అది నిద్రకళ్లతో దాటిపోయే సందు మాత్రమే. ఇప్పుడు అరుగు మీద కూచుని చూడాల్సి వచ్చింది. నిద్ర కమ్ముకొస్తుంటే లేచి నడిచేవాడు, నడుస్తూనే సగం కలలో ఉండేవాడు. ఎండ ఏటవాలుగా సందులోకి దిగి, నూలుకు రంగులు వేసే ఇంటి ముందు తీగెల మీద తడి నూలును వెలిగించేది. అది కలో నిజమో కాసేపు తెలిసేది కాదు. కండెలు చుట్టే ఆడవాళ్లు గడపల్లో కూచుంటే వాళ్ల చేతుల్లో దారం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూస్తూ నిలబడిపోయేవాడు. బడిపిల్లల ఆటోలు పోయేవి. రెండు జడల చిన్నపిల్ల ఒకతి రోజూ ఆయనకు చెయ్యి ఊపేది, ఎందుకో ఆమెకే తెలియాలి. మొదట్లో ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు ఊపసాగాడు. ఇన్నేళ్లు ఈ వెలుతురు పక్కనుంచే పోతుంటే తాను కళ్లు మూసుకుని పడుకున్నానని ఆయనకు బాధేసింది, ఆ బాధ కూడా హాయిగానే ఉంది.

ఐదో వారంలో ఒకరోజు శాంత అర్రలోకి తొంగిచూసి భయపడింది. పదిన్నరకు పడుకున్న మనిషి రెండున్నర దాటినా కదల్లేదు, దగ్గలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి మెత్తగా ఆడుతోంది. నిద్రలో ఏదో చూసి నవ్వుతున్నాడు. ఆ రోజు కలలో ఆ పిల్ల మొఖం మొదటిసారి కనిపించిందని లేచాక చెప్పాడు. ఎట్లుందని శాంత అడిగితే, మంచిగనే ఉంది అన్నాడు.

రమకు ఫోన్ చేసి అంతా చెప్పేస్తానని శాంత అప్పటికే నాలుగైదుసార్లు అంది. జలపతి ఒప్పుకోలేదు. మాటలు చెప్పి నమ్మించడం కాదు, దగ్గు లేని గొంతుతో తానే పోయి చెప్పాలన్నది ఆయన పంతం. శాంత ఒక్కతే రెండుసార్లు కోరుట్ల పోయివచ్చింది. రమ తండ్రి ఊసెత్తలేదని, ఎత్తబోతే లేచిపోయిందని వచ్చి చెప్పింది. జలపతి విని, మంచం వైపు నడిచి, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. దగ్గు తగ్గడంలో అంత తొందర ఆయనకు అంతకుముందెప్పుడూ లేదు.

రెండు నెలలు నిండాక ఒక ఆదివారం ఇద్దరూ కోరుట్ల పోయారు. ప్రేమ్‌సాగర్ షాపులో ఉన్నాడు. గంగవ్వ, 'రాండ్రి అన్నా' అంటూ పీట వేసి, నీళ్లిచ్చి, భోజనం పెట్టింది. రమ వంటింట్లోంచి రాలేదు. జలపతి సగం కడుపుకే చాలనుకుని, తొక్కు పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కుని వంటింటి గడప దగ్గరికి పోయాడు. రమ అటు తిరిగి పిల్లకు పాలిస్తోంది. ఆయన గడప ఇవతలే కూచున్నాడు.

"నా చెల్లె మా నాయిన ఒళ్లె ఆడి, ఆయన దగ్గు అంటుకొని సచ్చిపోయింది బిడ్డా. నాకు గదే దగ్గనుకున్న. నీ బిడ్డను ముట్టుకుంటే నా చేతుల్తోని సంపుకుంటనని భయపడ్డ. గది కాదట. కడుపుల పులుసట, ఎవ్వలకు అంటదట."

రమ భుజాలు కదలడం ఆయనకు కనిపించింది. పిల్లను సర్దుకుని ఇటు తిరిగింది. మొఖమంతా తడి.

"ఆడపిల్లని ముట్టలేదనుకున్న బాపు. దీన్ని ఎత్తుకున్నప్పుడల్లా గదే యాదికొచ్చేది. ఒక్క మాట నాకు చెప్పరాదా?"

చెప్పాల్సిందే. ఆయన తల వంచుకున్నాడు. రమ లేచి వచ్చి పిల్లను ఆయన భుజాన వేసింది. వెనక నుంచి గంగవ్వ హెచ్చరించింది, తాగిన పాలు కక్కుతోంది, వెంటనే పండబెట్టొద్దు, అరగంటైనా నిలువుగా ఎత్తుకోవాలని. శాంతకు నవ్వాగలేదు. తాతకు కూడా అదే వైద్యమని, ఆయన కూడా తిన్నాక అరగంట దాటినా పండకూడదని చెప్పింది.

జలపతి వాకిట్లోకి వచ్చాడు. పిల్ల బరువు భుజం మీద కన్నా ఛాతీ మీద ఎక్కువగా తెలుస్తోంది. చిన్న వేళ్లు ఆయన మెడ దగ్గర అంగీ పట్టుకున్నాయి. షాపులోంచి రాగి తీగె వాసన వస్తోంది, ఎండ గోడ సగానికి దిగింది. పిల్ల గట్టిగా తేన్చింది. ఆ వెనకే ఆయన కూడా తేన్చాడు. విరిగిన పాలు కాస్త ఆయన భుజం మీద కారాయి, తుడుచుకోలేదు. గోడ దాకా పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. నడుస్తున్నాడో కలగంటున్నాడో ఆయనకే తెలియనట్టు మొఖం పెట్టాడు. పిల్ల నిద్రపోయింది.

రమ వచ్చి, చేతులు చాచి, ఇటియ్యి బాపు, తొట్లెల పండవెడ్త అంది.

"ఇంక అరగంట కాలేదు బిడ్డా," అన్నాడు జలపతి.

అప్పటికి గంట దాటింది. రమ చేతులు దించుకుని గడప మీద కూచుంది.